దొంగ ఎవరు మహామంత్రీ? - మన చిట్టీల ఆట చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని మన కార్యదర్శిగారు కబురు పెట్టారు. సాలార్‌జంగు సంస్కరణల గురించో, మా ఇబ్రహీంపట్నం చెరువు గురించో రాస్తాననుకున్నారట. వాటి మీద పెద్దలు చాలామంది రాశారు. నేను ఎత్తుకున్నది అంతకంటె చిన్న సంగతి: నాలుగు కాగితం ముక్కలు, నలుగురు పిల్లలు ఉంటే నడిచిపోయే చిట్టీల ఆట. సంగతి చిన్నదే గాని దాన్ని పట్టుకుని లాగితే అక్బరు పాదుషా దఫ్తరు, బందరులోని డచ్చి గిడ్డంగి, సుప్రీంకోర్టు తీర్పు, మాస్కో విశ్వవిద్యాలయం వరుసగా బయటికి వచ్చాయి. అందుకని చదువరులు కొంచెం ఓపిక పట్టవలసిందిగా మనవి.

ముందు ఆట సంగతి. 1960 ప్రాంతంలో మా ఆదిభట్ల హైదరాబాదు జిల్లా ఇబ్రహీంపట్నం తాలూకాలోని పల్లెటూరు. రంగారెడ్డి జిల్లా అన్న పేరు 1978లో గాని పుట్టలేదు. వానాకాలం పొలం పనులు లేని మధ్యాహ్నాలు, శివరాత్రి జాగరణ రాత్రులు మాకు ఈ ఆటకు మంచి అదను. పెద్దవాళ్ళు పచ్చీసు పరుచుకునేవారు, ఆడవాళ్ళు అష్టాచెమ్మా గీసుకునేవారు, మేము పాత నోటుబుక్కు కాగితం చింపి నాలుగు చిట్టీలు చేసుకునేవాళ్ళం. రాజు, మంత్రి, సిపాయి, దొంగ. మా వైపు దొంగను ‘చోర్’ అనే అనేవాళ్ళం. చిట్టీలు ఒకే తీరుగా మడిచి, రెండు దోసిళ్ళ మధ్య గలగల ఆడించి కింద పోస్తే తలా ఒకటి ఏరుకోవాలి. ఎవరి చిట్టీ వారు మాత్రమే చూసుకోవాలి. రాజు వచ్చినవాడు చిట్టీ విప్పి చూపి, “నా మంత్రి ఎవరు?” అని అడుగుతాడు. “నేనే మహారాజా” అని మంత్రి బయటపడతాడు. “దొంగను పట్టుకో” అని రాజాజ్ఞ. మిగిలిన ఇద్దరిలో ఒకడు సిపాయి, ఒకడు దొంగ. ఇద్దరూ “నేను సిపాయిని” అనే అంటారు. మంత్రి ఇద్దరి మొహాలూ చూసి ఒకరి మీద వేలు పెట్టాలి.

మార్కులు మా ఊళ్ళో ఇలా ఉండేవి. రాజుకు 1000, మంత్రికి 800, సిపాయికి 500, దొంగకు సున్నా. మంత్రి వేలు తప్పితే ఆయన 800 దొంగకు పోతాయి, మంత్రికి సున్నా. పది ఆటలు అయ్యాక పలక మీద కూడితే ఎక్కువ వచ్చినవాడు గెలిచినట్టు.

జీవితమంతా పద్దులు రాసినవాణ్ణి కాబట్టి ఈ మార్కుల లెక్క నన్ను ఇప్పటికీ విడవదు. ప్రతి ఆటకూ నలుగురి మొత్తం 2300. మంత్రి పట్టినా పట్టకపోయినా 2300. పది ఆటలకు 23,000. అడ్డం, నిలువు రెండూ కలవకపోతే పలక పట్టుకున్నవాడు ఎక్కడో చెయ్యి పెట్టాడని అర్థం. ట్రయల్ బాలెన్సు అన్న మాట వినకముందే మేము దాన్ని నేర్చుకున్నాం. మా అయ్యగారికి ఈ ఆట మీద కోపం లేకపోవడానికి అదొక కారణం, పిల్లలకు కూడికలు వస్తున్నాయి గదా అని.

అసలు విశేషం సిపాయి దగ్గర ఉంది. మంత్రి కళ్ళు మూసుకుని వేలు పెడితే రెండు ఆటల్లో ఒకసారి తగులుతుంది. అంటే సగటున మంత్రికి 400, దొంగకు 400. సిపాయికి మాత్రం ఎటు తిరిగినా 500. దొంగ దొరికినా దొరకకపోయినా ఆయన జీతానికి లోటు లేదు. (ఈ మాట చదివి ఆ శాఖలోని మిత్రులు నొచ్చుకోవద్దు, పిల్లల ఆట సంగతే రాస్తున్నాను.) కాబట్టి సిపాయి వచ్చినవాడు నింపాదిగా కూర్చుంటాడు. దొంగ ఆ నింపాదిని అభినయించాలి. ఇది మొదటి మెట్టు. ఏడో ఆట ఎనిమిదో ఆట వచ్చేసరికి రెండో మెట్టు మొదలవుతుంది. మంత్రి చిట్టీ వచ్చినవాడు అప్పటికే మొత్తంలో ముందున్నాడనుకోండి. సిపాయి వాడిని కిందికి లాగదలచుకుంటే తానే దొంగ మొహం పెడతాడు. గుటకలు మింగుతాడు, చిట్టీ మరీ గట్టిగా పట్టుకుంటాడు, మంత్రి కళ్ళలోకి చూడడు. మంత్రి సిపాయి మీద వేలు పెడతాడు, 800 పోతాయి. అయితే ఆ 800 అసలు దొంగకు చేరతాయి గదా, వాడు కూడా తనకంటె ముందున్నవాడైతే? అందుకని సిపాయి ఎదుటివాడి చిట్టీనే గాక పలక మీది లెక్క కూడా చూసుకుని తన మొహాన్ని తయారు చేసుకోవాలి. పదేళ్ళ పిల్లలు ఇదంతా ఎవరూ చెప్పకుండానే చేసేవారు. మా వాడకట్టులో ఒక అమ్మాయి ఉండేది, ఆమెకు ఏ చిట్టీ వచ్చినా ఒకే మొహం. ఆమె దొంగ అయినప్పుడు పట్టుకున్న మంత్రి లేడు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు ఫైళ్ళతోపాటు ఉద్యోగుల సంసారాలు కూడా వచ్చాయి. ఆ పిల్లలతో వచ్చిన ఆట రాముడు-సీత. నేను దాన్ని నౌకరీలో చేరిన తర్వాత, ప్రభుత్వ క్వార్టర్లలో చూశాను. రాముడు, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, ఆంజనేయుడు, సీత అని ఆరు చిట్టీలు. రాముడు ఒక్కడే బయటపడతాడు, సీత ఎవరి దగ్గర ఉందో ఆయనే చెప్పాలి. తప్పితే రాముడి మార్కులు సీతకు పోతాయి. ఇక్కడ గుడ్డిగా చెప్పితే అయిదింట ఒక్కసారి తగులుతుంది. మా ఆటకంటె కష్టం, సందడి కూడా ఎక్కువ, ఎందుకంటే దొరకకూడదనుకునేది ఒక్క సీతే అయినా తప్పుదారి పట్టించేవాళ్ళు నలుగురు. దొంగతనం లేదు కాబట్టి పూజలు చేసే ఇళ్ళలో కూడా దీనికి అభ్యంతరం ఉండేది కాదు. కొన్నాళ్ళకు ఆ క్వార్టర్ల అరుగుల మీద రెండు ఆటలూ కలిసిపోయాయి. కొందరు పోలీసును పెట్టారు, కొందరు రాణిని చేర్చారు. ఇద్దరు ముగ్గురు ఎక్కువైతే చిట్టీలు పెంచుకోవడమే, ఖర్చేముంది!

ఇప్పుడు చరిత్రలోకి వెళదాం. రాజు, మంత్రి అన్న ఈ జంట మన పాత పేకలో ఉన్నది. ఇంగ్లీషు పేక రాకముందు మన దేశంలో ఆడింది గంజీఫా. చదరపు ముక్కలు గావు, గుండ్రటి బిళ్ళలు, మీద రంగులతో బొమ్మలు, పైన లక్క మెరుగు. బాబరు పాదుషా 1527లో సింధులో ఉన్న షాహసన్‌కు గంజీఫా ముక్కలు పంపించినట్టు తన దినచర్యలో రాసుకున్నాడు. మొగలు గంజీఫాకు ఎనిమిది జాతులు, జాతికి పన్నెండు చొప్పున 96 ముక్కలు. మన హిందువులు దశావతారాలతో చేసుకున్నదానికి పది జాతులు, 120 ముక్కలు. ప్రతి జాతిలోనూ పది అంకె ముక్కలు, వాటి పైన ఇద్దరే పెద్దలు: రాజు, మంత్రి. రాణి లేదు, జాకీ లేదు. మన తెలుగు దేశంలో నిర్మల్ నకాషీ పనివారు, ఇప్పటి నంద్యాల జిల్లాలోని నొస్సం చిత్రకారులు ఈ ముక్కలు తయారు చేసేవారు. మైసూరు మహారాజు మూడవ కృష్ణరాజ ఒడయరుకు (1794-1868) ఈ పిచ్చి ఎంతగా ఉండేదంటే, మామూలు ఆటలు చాలక వందల ముక్కలతో కొత్త ఆటలు కల్పించాడు. మా పిల్లల చిట్టీల్లో రాజు పక్కన రాణి గాక మంత్రి కూర్చోవడం ఆ పాత కొలువు మర్యాదేనని నాకు తోస్తుంది. రాణి చిట్టీ తర్వాత చేరింది, ఇంగ్లీషు పేక అలవాటు అయ్యాక.

ఇక్కడ మన గుమాస్తాలందరూ తెలుసుకోవలసిన ముచ్చట ఒకటుంది. అక్బరు ఆడిన గంజీఫాను అబుల్ ఫజల్ తన ‘అయినె అక్బరీ’లో వివరంగా వర్ణించాడు. ఆ పేకలో ఒక జాతి పూర్తిగా దఫ్తరుది! అందులో రాజు సింహాసనం మీద కూర్చుని ఫర్మానాలు, కాగితాలు తనిఖీ చేస్తుంటాడు. మంత్రి ముందు దఫ్తరు ఉంటుంది. కింది ముక్కల మీద కాగితం చేసేవాడు, గీతలు గీసేవాడు, దఫ్తరులో పద్దులు ఎక్కించే గుమాస్తా, జిల్దు కట్టేవాడు. నాలుగు వందల ఏళ్ళ కింద ఒక పాదుషా చేతిలో మన ముక్క ఉండేదన్నమాట. మన సర్వీసులో మనల్ని అంత శ్రద్ధగా చేతిలో పట్టుకుని చూసిన అధికారి నాకు తగలలేదు.

తరువాత పరంగి పేక వచ్చింది. అది ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో ముక్కల పేర్లే చెబుతాయి. కోస్తావారు ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను అంటారు. డచ్చి భాషలో కళావరు ముక్కను క్లావర్ అని, ఆఠీను ముక్కను హార్టెన్ అని అంటారు. డచ్చివారు బందరులో 17వ శతాబ్దం మొదట్లోనే గిడ్డంగి పెట్టి వ్యాపారం చేశారన్నది మనం స్కూల్లో చదివిందే. వాళ్ళ బట్టల వ్యాపారం పోయింది, కోటలు పోయాయి, పేకలో రెండు మాటలు మాత్రం మిగిలాయి. మా హైదరాబాదు వైపు హుకుం, పాన్, ఈంట్, చిడీ అనే ఉర్దూ పేర్లే వాడుక. ఒకే ఆఫీసులో భోజన విరామంలో కోట్‌పీసు ఆడేటప్పుడు కాకినాడ ఆయన “కళావరు” అంటే మా నల్లగొండ ఆయన “చిడీ అనరాదూ” అనడం, ఆ ఇద్దరే జోడీ కావడం నేను చూశాను.

ఇంతవరకూ వినోదం. పేకాట అంటే మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఎందుకు భయమో కూడా రాయాలి. మూడు ముక్కలాటలో అసలు బలం ముక్కల్లో కంటె బెదిరింపులో ఉంది. చేతిలో ఏమీ లేకపోయినా పందెం పెంచుకుంటూ పోతే ఎదుటివాడు జడిసి ముక్కలు పడేస్తాడు. ‘బ్లైండు’ అని ఒక పద్ధతి ఉంది, ముక్క చూసుకోకుండా ఆడేవాడు చూసినవాడు పెట్టేదానిలో సగం పెడితే చాలు. మన చిట్టీల ఆటలో దొంగ తన గుట్టు ఎదుటివాడి నుంచి దాస్తాడు, బ్లైండు ఆడేవాడు తన గుట్టు తనకే తెలియకుండా దాచుకుంటాడు. నాతో పనిచేసిన ఒక గుమాస్తా ప్రావిడెంటు ఫండులోంచి కూతురి పెళ్ళికని డబ్బు తీసుకున్నాడు. కాగితాలు రాసిపెట్టింది నేనే. ఆ సొమ్ము రెండు ఆదివారాల్లో మూడు ముక్కలకు పోయింది. పిల్ల పెళ్ళి మరో నాలుగేళ్ళకు, ఆమె మేనమామ పూనుకుంటే జరిగింది. ఆ మనిషి చెడ్డవాడు కాదు, ఆఫీసులో ఒక్క పైసా తేడా రానిచ్చేవాడు కాదు. ఇంటికి ఎప్పుడు వెళ్ళినా ఆయన భార్య నా చేతిలో సంచీ వైపు చూసేది, అందులో పేక ఉందేమోనని.

చట్టం ఈ సంగతిని ఎప్పుడో పట్టించుకుంది. నిజాం రాజ్యంలో 1305 ఫసలీలో హైదరాబాదు జూద చట్టం వచ్చింది. పహాణీలు రాసిన మిత్రులకు చెప్పనక్కర లేదు, 590 కలిపితే 1895. ఆ చట్టం కిందనే 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద దాడి జరిగి, రమ్మీ ఆడేవాళ్ళను పట్టుకున్నారు. ఆ వివాదం సుప్రీంకోర్టుదాకా పోయింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం - కె. సత్యనారాయణ కేసు అని వకీళ్ళు నేటికీ చెప్పుకునేది ఇదే. 1967 నవంబరులో తీర్పు చెబుతూ కోర్టువారు ప్రభుత్వ అప్పీలును కొట్టివేశారు. ఏ ముక్క పడిందో గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నేర్పుది పైచేయి అన్నారు. మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టం మీద నడిచేదని అన్నారు. తర్వాత 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగు చట్టం వచ్చినప్పుడు కూడా నేర్పుతో ఆడే ఆటలకు మినహాయింపు ఉంచారు.

కోర్టువారి ముందున్న ప్రశ్న రెండే రెండు పెట్టెలది, అదృష్టమా, నేర్పా. చట్టానికి అంతకంటె అవసరం లేదు. ఆడినవాళ్ళను అడిగితే మూడో పెట్టె ఒకటుందంటారు: ఎదుటి మనిషి మొహం చదవడం. మా వాడకట్టు అమ్మాయికి వచ్చిన చిట్టీ అదృష్టమే, ఆమె మొహం మాత్రం అదృష్టం కాదు. ఆ విద్యకు డబ్బు జతైతే ప్రావిడెంటు ఫండు పోతుంది. పలక జతైతే కూడికలు వస్తాయి. పేకను గడప తొక్కనివ్వని ఇళ్ళు కూడా చిట్టీలను ఎందుకు రానిచ్చాయో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ గృహిణులు ఏ తీర్పూ చదవలేదు, గీత ఎక్కడ గీయాలో మాత్రం వాళ్ళకు తెలుసు.

మన ఆటకు విదేశాల్లో పెద్ద చుట్టరికమే ఉంది. 1986లో మాస్కో విశ్వవిద్యాలయంలో దిమిత్రి దవిదోవ్ అనే మనస్తత్వశాస్త్ర విద్యార్థి ‘మాఫియా’ అనే ఆట తయారు చేశాడు. రహస్యంగా ముక్కలు పంచుతారు. కొద్దిమంది హంతకులు, మిగిలినవారు ఊరివారు. హంతకులకు ఒకరినొకరు తెలుసు, ఊరివారికి ఎవరు ఎవరో తెలియదు. ‘రాత్రి’ అందరూ కళ్ళు మూసుకుంటారు, హంతకులు ఒకరిని తీసేస్తారు. ‘పగలు’ అందరూ వాదులాడుకుని ఒకరిని ఉరి తీస్తారు. ఎక్కువసార్లు అమాయకుడే పోతాడు. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ అనే అమెరికన్ హంతకులను తోడేలు మనుషులుగా మార్చాడు, ‘వేర్‌వుల్ఫ్’ అన్నారు. 2020లో కరోనా మూసివేతల కాలంలో ప్రపంచమంతా పిల్లలు ఫోన్లలో ఆడిన ‘అమాంగ్ అజ్’ కూడా ఈ వంశంలోదే.

మా ఆదిభట్ల ఇప్పుడు పాత ఆదిభట్ల కాదు. టీసీఎస్ ప్రాంగణం వచ్చింది, విమాన భాగాల కర్మాగారాలు వచ్చాయి, 2018లో మునిసిపాలిటీ కూడా అయింది. మా పైవాటాలో అద్దెకున్న ఉద్యోగస్తుల పిల్లలు ఒక ఆదివారం చిన్న పెట్టె తెచ్చి మా మనవళ్ళతో ఆడుతుంటే చూశాను. పేరు ‘కూ’. ఫ్రెంచి మాట, సింహాసనం లాక్కోవడం అని అర్థం. రిక్కీ తాహ్తా అనే ఆయన కల్పించగా 2012లో వెలువడింది. మొత్తం 15 ముక్కలు. డ్యూకు, హంతకుడు, దళపతి, రాయబారి, దొరసాని అని అయిదు వేషాలు, ఒక్కొక్కటి మూడేసి. తలా రెండు ముక్కలు బోర్లా పెట్టుకోవాలి, రెండు నాణేలు ఇస్తారు. డ్యూకునని చెబితే ఖజానా నుంచి మూడు నాణేలు తీసుకోవచ్చు. నిజంగా డ్యూకు కానక్కర లేదు, చెబితే చాలు! ఎవరైనా “అబద్ధం” అంటే ముక్క చూపాలి. అబద్ధమైతే చెప్పినవాడు ఒక ముక్క పోగొట్టుకుంటాడు, నిజమైతే అనుమానించినవాడు పోగొట్టుకుంటాడు. ఏడు నాణేలు కూడబెట్టినవాడు ఎవరినైనా ఒక ముక్క తీయించవచ్చు, దానికి అడ్డు లేదు.

నాణేలు చూసి మా కోడలు వంటింట్లోంచి వచ్చి, “మామయ్యా, ఇది జూదమేనా?” అని మెల్లగా అడిగింది. అవి ఆట నాణేలేనని, లోపలికి పెట్టేది బయటికి తెచ్చేది ఏమీ లేదని చూపించాను. అయినా ఆమె ఒక ఆట పూర్తయ్యేదాకా నిలబడి చూసిన తర్వాతనే వెళ్ళింది. చూడటం మంచిదే. మన చిట్టీల ఆటకు దీనికి తేడా నాకు అప్పుడు తట్టింది. మాకు అబద్ధం చెప్పవలసినవాడు దొంగ ఒక్కడే. ‘కూ’లో అందరికీ ఎప్పుడైనా అబద్ధం చెప్పే హక్కుంది, అయితే అనుమానించినవాడికి కూడా ఖరీదు పెట్టారు. ఊరికే వేలు చూపడానికి లేదు. ఈ నిబంధన మా ఆఫీసుకు వచ్చే ఆకాశరామన్న అర్జీలకు ఉండి ఉంటే ఎంతమంది విచారణలు తప్పించుకునేవారో!

ఆ సాయంత్రమే మనవళ్ళకు మన ఆట చూపించాను. పది నిమిషాల్లో పట్టుకున్నారు. నాలుగో ఆటకే చిన్నవాడు సిపాయి చిట్టీ పట్టుకుని దొంగ మొహం పెట్టాడు.

ఇక ఫోన్లలో డబ్బు పెట్టి ఆడే రమ్మీ సంగతి వేరు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గేమింగు చట్టాన్ని సవరించి, నేర్పు ఆట అన్న మినహాయింపు కూడా లేకుండా దాన్ని నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. నా మట్టుకు నాకు ఇది సబబుగానే కనిపిస్తుంది. అక్కడ ఎదురుగా మనిషి లేడు, మొహం లేదు, గుటక మింగడం లేదు. ఓడినవాడిని చూసి “ఇక చాలు పోరా” అని లేపి ఇంటికి పంపే నాలుగో మనిషి లేడు. మనకు పింఛను రావాలంటే ఏడాదికోసారి ఫోనుకు ముఖం చూపించి బతికే ఉన్నామని నమ్మించుకోవాలి. ఇల్లు గుల్లచేసే ఆటకు మాత్రం ముఖమే అక్కరలేకపోయింది.

చివరిగా ఒక మనవి. మంత్రికి మా ఊళ్ళో 800 అని రాశాను. మహబూబ్‌నగర్ వైపు మిత్రుడొకరు తమకు 500 అని, సిపాయికి 300 అని పట్టుబట్టాడు. రాముడు-సీతలో భరతుడికి, లక్ష్మణుడికి ఎవరెన్ని వేసేవారో ఇద్దరు చెప్పినది ఒక తీరుగా లేదు. మీ ఊళ్ళో చిట్టీల మీద ఏయే పేర్లు రాసేవారో, ఎవరికి ఎన్ని మార్కులో ఒక కార్డు ముక్క మీద రాసి మన సంఘం కార్యాలయానికి పంపండి. ఇంట్లో ఆడవాళ్ళను కూడా అడగండి, వాళ్ళకు ఎక్కువ గుర్తుంటుంది. జిల్లాల వారీగా పట్టిక వేసి పెట్టే పని నాది. అడ్డం నిలువు రెండూ కలిసేలా చూస్తాను.